అవతలి చెరువు డబ్బా నంబరు

నిత్యానందం గారు కాపలా వదిలేసి నిద్రపోయారని, అందుకే చెరువులో చేప చచ్చిపోయిందని చెరువు యజమాని భాస్కరరావు పదిమందిలో అన్నాడు. ఆ మాట అబద్ధం. అబద్ధమని తేలడానికి ఏడాది పట్టింది. ఏడాది పొడుగునా నిత్యానందం గారు ఆ మాట మోస్తూనే తిరిగారు.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, కొల్లేరు అంచున, భాస్కరరావుకి పదకొండు చేపల చెరువులున్నాయి. వాటిలో రెండింటికి నిత్యానందం గారు కాపలా. పదహారేళ్లు అదే పని చేశారు. పొద్దున్నే మేత సంచులకి చిల్లులు పెట్టి తాళ్లకి కట్టడం, నీటికాకుల్ని తోలడం, ముసురు పట్టిన రోజున నీళ్ల రంగు చూసి యజమానికి కబురు చెయ్యడం. ముసురు పడితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లారేలోపు చేప నోరు తెరుచుకుని పైకి తేలుతుంది. అప్పుడు ఫ్యాన్లు తిరగాలి. ఫ్యాన్లంటే నీళ్లని చిలికే ఏరియేటర్లు.

ఆయన పాక ఉన్నది ఇవతలి చెరువు గట్టు మీద. అవతలి చెరువు డ్రెయిన్ దాటి కిలోమీటరు దూరం. దాని కరెంటు వేరే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంది. ఇక్కడి ఫ్యాన్ల హోరులో అక్కడివి ఆగిన సంగతి వినపడదు. భాస్కరరావు చెరువులన్నిటికీ ఒక్కో స్టార్టర్ డబ్బా ఉంది, అవతలి చెరువుకి మాత్రం అదే దిక్కు. ఆ డబ్బాలో సిమ్ము ఉంటుంది. కరెంటు పోయి వస్తే మోటార్లు వాటంతట అవి తిరగవు. హెచ్చుతగ్గులకి కాలిపోతాయని భాస్కరరావు అలా పెట్టించాడు. కరెంటు రాగానే డబ్బా కాపలా మనిషికి ఫోన్ చేస్తుంది. ఆయన తిరిగి డబ్బాకి ఫోన్ చేసి ఒకటి నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి. కొల్లేరు చుట్టుపక్కల ఇప్పుడు మనుషులకన్నా ఎక్కువగా ఇలాంటి డబ్బాలే రీచార్జి చేయించుకుంటున్నాయి.

ఆ సెప్టెంబరులో మూడు రోజులు ముసురు. రెండో రాత్రి అవతలి లైనులో కరెంటు పోయి వచ్చింది. మూడో రోజు తెల్లారేసరికి అవతలి చెరువు నిండా తెల్లటి పొట్టలు తేలాయి. ఏడు నెలలు పెంచిన చేప. రెండు నెలల్లో లారీ ఎక్కాల్సినది. నీటికాకులకి పండగ.

భాస్కరరావు కారు దిగుతూనే అడిగాడు. "ఏమయ్యా నిత్యానందం, డబ్బా ఫోన్ చేస్తే ఎత్తలేదేం?"

"డబ్బా చెయ్యలేదండి."

భాస్కరరావు జేబులోంచి ఫోన్ తీసి అక్కడే డబ్బాకి కొట్టాడు. అది ఎత్తింది. ఒకటి నొక్కాడు. ఫ్యాన్లు గిర్రున తిరిగి చచ్చిన చేపల్ని గట్టు వైపు నెట్టాయి.

"ఇదిగో, పలుకుతోందిగా! నీ ఒక్కడికే మూగదైపోయిందా?"

"నా ఫోన్ చూడండయ్యగారూ. ఒక్క మిస్డ్ కాల్ లేదండి."

"తుడిపేసుంటావు. చూడు, ముసల్తనం వస్తోంది, కునుకు పట్టింది. పట్టిందని చెప్పు, ఇంతటితో వదిలేస్తాను."

"పట్టలేదండి. పట్టనిది పట్టిందని ఎలా చెప్పనండి?"

ఒప్పుకుని ఉంటే ఉద్యోగం ఉండేది. భాస్కరరావు లాంటివాళ్లకి నష్టం కన్నా ఎదురుమాట ఎక్కువ నొప్పి. ఆ సాయంత్రమే నిత్యానందం గారు, ఆయన భార్య ఎలిజబెత్ గారు పాక ఖాళీ చేశారు.

ఆ తర్వాత వాళ్లు తాడేపల్లిగూడెం చేరారు. ఎలిజబెత్ గారికి ఒక కాలేజీ హాస్టల్లో వంట పని దొరికింది. ఆయనకి మార్కెట్లో ఉల్లిపాయలు ఏరే పని. లారీలోంచి దిగిన సరుకులో కుళ్లినవి పక్కన పెట్టడం, మిగతావి సైజు చూసి సంచులకెత్తడం. పని ఆయనకి నచ్చింది. కూర్చుని చేసేది, నీడపట్టున చేసేది. చెరువు గట్టు మీద పదహారేళ్లు ఎండా వానా తిన్న మనిషికి అది సుఖమే. కానీ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అందరూ సంచుల మీద వాలిపోతే ఆయన మాత్రం నిటారుగా కూర్చునేవారు. కనీసం స్తంభానికి చేరగిలపడేవారు కాదు.

"ఏం బాబాయ్, కాసేపు నడుం వాల్చకపోయావా? ఉల్లిపాయలు ఈదుకుంటూ పోతాయనా?" అని వాళ్లు ఆటపట్టించేవారట.

"నిద్ర రాదయ్యా," అనేవారు ఆయన. వచ్చేది. కళ్లు మూసుకుంటే ఎవరైనా చూస్తారని భయం.

ఎలిజబెత్ గారు రోజూ పన్నెండున్నరకి, హాస్టల్ పిల్లలకి వడ్డన అయ్యాక, ఆయనకి ఫోన్ చేసేవారు. "ఏవండీ, తిన్నారా?" ఆ ఒక్క మాటే. మరుసటి ఆగస్టులో ఒక రోజు ఆ ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆయనకి ఉక్రోషం వచ్చింది. సాయంత్రం ఇంటికెళ్లి అడిగారు.

"ఏమే, రెండ్రోజుల్నించి నేను తిన్నానో లేదో అక్కర్లేదా నీకు?"

"చేస్తుంటే ఎవరో అమ్మాయి ఏదో చెప్పి పెట్టేస్తోందండి. మీకు చేతులు లేవా? మీరు చెయ్యొచ్చుగా?"

ఆయన తన ఫోన్ తీసి ఆవిడకి కొట్టారు. ఆవిడ చేతిలో ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తి, ఎదురుగా నిలబడ్డ మొగుడితోనే, "హలో, తిన్నారా?" అని నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ ఫోన్ కేసే చూస్తూ ఉండిపోయారు.

"పోయే ఫోను పోవట్లేదు. వచ్చే ఫోను వస్తోంది," అన్నారు.

"అదే కదా చెబుతున్నా."

"నువ్వీమధ్య ఏ ప్యాక్ వేయించావు?"

"చిన్నదండీ. నెట్ అయిపోయి పాటలు రావడం లేదంటే హాస్టల్ పక్క కొట్లో వేశాడు. ఇంకో నెల్లాళ్లు ఢోకా లేదనుకున్నాను."

ఆవిడ వేయించుకున్నది డేటా ప్యాక్. దానికి సొంత ఆయుష్షు ఉండదు. కింద అసలు ప్యాక్ ఉన్నన్నాళ్లే అది ఉంటుంది. రెండు రోజుల కిందట అసలు ప్యాక్ గడువు తీరింది. గడువు తీరిన సిమ్ము నుంచి ఫోన్లు వెళ్లడం వెంటనే ఆగిపోతుంది, రావడం మాత్రం ఇంకొన్నాళ్లు ఉంటుంది. అది కంపెనీ పెట్టిన ఏర్పాటు. ఈ సంగతులన్నీ ఆయనకి ఆ పూట తెలియవు. కానీ తెలియాల్సినది తెలిసింది. ఆ రాత్రి ఆయన అన్నం దగ్గర కూర్చుని ఒక్క మాటే అన్నారట. "ఎలిజబెత్తూ, డబ్బాకీ ఇదే అయింది."

తర్వాతి ఆదివారం చర్చి నుంచి నేరుగా ప్యాసింజరెక్కి ఏలూరు వచ్చారు. పాత బస్టాండు దగ్గర నేను పనిచేసే సెల్ షాపుకి వచ్చారు. భాస్కరరావు డబ్బాలన్నిటికీ రీచార్జి అక్కడే అవుతుందని ఆయనకి తెలుసు. అప్పటిదాకా నేను ఆయన్ని చూసింది లేదు. తెల్ల చొక్కా, చంకలో బైబిలు, చేతిలో గుండ్రంగా చుట్టిన క్యాలెండర్ కాగితం. అది కిందటేడు సెప్టెంబరు నెల కాగితం. పందొమ్మిదో తేదీ గడిలో బాల్‌పెన్నుతో ఒక చిన్న చేప గీసి ఉంది.

"బాబూ, ఈ రోజుకి ముందు ఈ నంబరుకి ఏ ప్యాక్ వేశారో చెప్పగలరా?" అని డబ్బా నంబరు చూడకుండా చెప్పారు. ఏడాది కాపలా లేని మనిషికి పది అంకెలూ నోటికి ఉన్నాయి.

ఏడాది కిందటి రీచార్జి మా ఫోన్లో కనపడదు. కానీ నాకు వెతకాల్సిన పని లేకపోయింది. అది రేట్లు పెంచిన ఏడాది. భాస్కరరావు ఫోన్ చేసి, "ఆ డబ్బాలకి ఇంతింత పెట్టి వెయ్యడమేంటి, అవేమన్నా సినిమాలు చూస్తాయా? తక్కువలో ఏదుంటే అది కొట్టు," అన్నాడు. మొదట గడువుకొచ్చినది అవతలి చెరువు డబ్బా. నేను అప్పుడు టిఫిన్ తింటున్నాను. ఎడం చేత్తో లిస్టు కిందకి జరిపి అన్నిటికన్నా తక్కువది కొట్టాను. అది డేటా ప్యాక్. ఇంటర్నెట్టే అక్కర్లేని ఇనప డబ్బాకి డేటా ప్యాక్. రీచార్జి విజయవంతం అని మెసేజీ వచ్చింది. అందరం సంతోషించాం. వారం పోయాక ఇంకొన్ని డబ్బాల గడువు వచ్చినప్పుడు, ఎందుకొచ్చిన గొడవని అన్నిటికీ మామూలు ప్యాకే వెయ్యమన్నాడు. అవతలి చెరువు డబ్బా కూడా అందులో కలిసిపోయింది. మధ్యలో అది ఎన్ని రోజులు నోరు లేకుండా ఉందో ఎవరూ చూడలేదు. చేప చచ్చిన వార్త నేనూ విన్నాను. రెంటినీ కలిపి ఆలోచించలేదు.

"వేసింది నేనేనండి," అన్నాను.

ఆయన నన్ను పరీక్షగా చూశారు. తిడతారనుకున్నాను. "మీరేనా! పోన్లెండి, దొరికారు," అన్నారు. నా మీద కోపం తెచ్చుకునే తీరిక ఆయనకి లేదు. ఆయనకి కావలసింది ఒక్కటే: తాను నిద్రపోలేదని ఆ గట్టు మీద, ఆ మనుషుల ముందు, ఆ నోటితోనే అనిపించాలి.

మా షాపు ఓనరు పాపారావు గారు నన్ను లోపలికి పిలిచారు. "మనకెందుకయ్యా? పదకొండు డబ్బాల రీచార్జి. నువ్వెళ్లి చేపల్ని చంపింది మేమేనని చెబితే రేపట్నుంచి ఎవడిస్తాడు?" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. మా వ్యాపారంలో ప్రతి ప్యాక్‌కీ కమీషన్ ఉంది, నిజం చెప్పినందుకు లేదు.

అయినా ఫోన్ చేశాను. భాస్కరరావు మొదట నన్ను తిట్టాడు, తర్వాత కంపెనీని తిట్టాడు, తర్వాత, "నేను ఫోన్ చేస్తే ఎత్తింది కదయ్యా డబ్బా!" అన్నాడు.

"ఎత్తుతుందండి. తనంతట తను ఫోన్ చెయ్యలేదు."

"ఏం కబుర్లు!"

"వచ్చే శనివారంతో మీ నాలుగో చెరువు డబ్బా గడువు అయిపోతుందండి. ఆదివారం దాకా దానికేమీ వెయ్యకండి. పట్టపగలు చూద్దాం."

ఒప్పుకున్నాడు. న్యాయం కోసం కాదు. ఇంకో పది డబ్బాలకి ఇలాగే అయితే ఏం గతని భయపడ్డాడు. ఏదైతేనేం, ఒప్పుకున్నాడు.

ఆదివారం పన్నెండింటికి నాలుగో చెరువు గట్టు మీద ఏడుగురం పోగయ్యాం. భాస్కరరావు, నిత్యానందం గారు, ఆయన స్థానంలో వచ్చిన కాపలాదారు కనకరాజు, మేత కట్టే ముగ్గురు, నేను. కనకరాజు ఫోన్‌ని ఒక మేత సంచి మీద పెట్టాం. డబ్బా ఫోన్ చేస్తే మోగాల్సింది అదే. మెయిన్ స్విచ్ తీశారు. ఫ్యాన్లు ఆగాయి. రెండు నిమిషాలాగి మళ్లీ వేశారు.

ఏడుగురం ఆ ఫోన్ కేసి చూస్తూ నిలబడ్డాం. అంతలో అది మోగింది. నిత్యానందం గారి మొహం పాలిపోయింది. కనకరాజు ఎత్తి, "ఇప్పుడు కాదే, చెరువు కాడున్నాను," అని పెట్టేశాడు. పెళ్లాం.

"మీ ఆవిడ ప్యాక్ బాగానే ఉందిరా," అన్నాడు మేత కట్టే వాళ్లలో ఒకడు.

ఐదు నిమిషాలైంది. పదైంది. ఫోన్ మళ్లీ మోగలేదు. భాస్కరరావు తన ఫోన్ తీసి డబ్బాకి కొట్టాడు. ఎత్తింది. ఒకటి నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. స్విచ్ మళ్లీ తీయించాడు, వేయించాడు. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ డబ్బా పిలవలేదు, పిలిస్తే మాత్రం పలికింది.

"అయితే ఆ రోజు నిద్రపోయింది డబ్బా అన్నమాట," అన్నాడు చివరికి.

"డబ్బా కూడా నిద్రపోలేదండి. దానికి నోరు లేకుండా చేశారు, అంతే," అన్నారు నిత్యానందం గారు.

 భాస్కరరావు మేత కట్టేవాళ్ల వైపు తిరిగి, లారీ వచ్చిందని చెప్పినంత మామూలుగా, గట్టిగా అన్నాడు. "ఒరేయ్, నిత్యానందం నిద్రపోలేదంటరా. తప్పు మనదే."

అంతే. అంతకుమించి ఒక్క మాట లేదు. నాకు చాలలేదు. ఏడాది పాటు ఒక మనిషి మధ్యాహ్నపు కునుక్కి కూడా భయపడ్డాడు, దానికి బదులు ఆ కాస్త మాటా? కానీ నిత్యానందం గారు, "ఆయ్, మంచిదండి," అన్నారు. తిరిగొచ్చేటప్పుడు నా బండి వెనక కూర్చుని, "'మనదే' అన్నాడు, విన్నారా? ఆ మాట నేను అడగను కూడా లేదండి," అని రెండుసార్లు చెప్పారు.

మళ్లీ పనికి రమ్మన్నాడు భాస్కరరావు. ఆయన వెళ్లారు. వెళ్లేముందు ఒక షరతు పెట్టారు: పదకొండు డబ్బాల గడువులూ తన చేతిలో ఉండాలి, తనకి చెప్పకుండా ఏ నంబరుకీ ఏదీ వెయ్యకూడదు. గోడకి కొత్త క్యాలెండరు కట్టారు. ప్రతి గడువు తేదీకీ రెండు రోజుల ముందు గడిలో ఒక చేప. కంపెనీవాళ్ల నెలకి ఇరవై ఎనిమిది రోజులే కాబట్టి ఆ చేపలు నెల నెలా వెనక్కి ఈదేవి.

కొన్నాళ్లకి ఆయనే లెక్కేసి, నెల నెలా కాకుండా ఏడాది ప్యాక్ వేస్తే కలిసొస్తుందని యజమానికి చెప్పారు. భాస్కరరావు ఉషారుగా షాపుకొచ్చాడు. "పదకొండింటికీ ఇవాళే కొట్టెయ్," అన్నాడు. నిత్యానందం గారు పక్కనే ఉన్నారు.

"వద్దండయ్యగారూ. ఇందులో మూడింటికే ఇవాళ్టితో అయిపోతోంది. మిగతావాటికి రోజులున్నాయండి. ఐదో చెరువుదానికైతే ఇంకా పంతొమ్మిది రోజులు."

"ఉంటే? కలుస్తాయిగా."

"అన్ని కంపెనీల్లో కలవవండి. కొన్నిట్లో పాతది అయ్యేదాకా కొత్తది వరసలో ఆగుతుంది. కొన్నిట్లో కొత్తది వేసిన క్షణమే మొదలైపోయి పాత రోజులు గంగలో కలుస్తాయండి. ఏది ఎలాగో ఈ బాబుని అడిగి, వెయ్యకముందే చూసుకోవాలండి."

నేను చూసి చెప్పాను. ఐదో చెరువు సిమ్ముకి కొత్త ప్యాక్ వెంటనే మొదలవుతుంది. వేసి ఉంటే పంతొమ్మిది రోజులూ పోయేవే.

"ఏ నంబరుది ఆ నంబరు ఆఖరి రోజునే, పొద్దున్నే మారుద్దామండి," అన్నారు ఆయన. "పొద్దున వేస్తే మధ్యాహ్నానికల్లా ఒకసారి స్విచ్ తీసి వేసి చూసుకోవచ్చు. డబ్బా పిలిచిందంటే మారినట్టు. మెసేజీ వచ్చిందని నమ్మకూడదండి. ఆ రోజూ వచ్చింది మెసేజీ."

"సరేనయ్యా, నీ ఇష్టం," అన్నాడు భాస్కరరావు. పదహారేళ్లలో ఆ నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారని నిత్యానందం గారు తర్వాత నాతో అన్నారు.

నాలుగు వారాలు పట్టింది. ఒక్కొక్క నంబరూ దాని రోజున మారింది. ఒక్క రోజు వృథా పోలేదు, ఒక్క గంట డబ్బా మూగబోలేదు. కొల్లేటి లంక ఊళ్లల్లో ఈ సంగతి పాకింది. పక్క చెరువులవాళ్లు, చేపల బుట్టలవాళ్లు, చర్చిలో ఆడవాళ్లు, రీచార్జికి ముందు ఆయన్ని అడగడం మొదలెట్టారు. అమ్మా, నెట్ కావాలా, మాటలు సరిపోతాయా? పాతది ఎన్నాళ్లుంది? కంపెనీ మారదామనుకుంటే ప్యాక్ చివరికొచ్చాక మారు, కొత్తగా వేసిన మర్నాడు కాదు. ఇంతే ఆయన చెప్పేది. మా కౌంటరు మీద ఇంత మాట నేను ఎవరికీ చెప్పి ఎరగను. చెబితే పాపారావు గారు ఊరుకోరు. "ఆ చేప బొమ్మల క్యాలెండరు మన కొంప ముంచేలా ఉందయ్యా," అని ఆయన గోల.

ఈ ఫిబ్రవరిలో నేను ఆ షాపు మానేశాను. ఆ కబురు చెబుదామని మర్నాడు మధ్యాహ్నం చెరువుకి వెళ్లాను. ఎండ చురుక్కుమంటోంది. అవతలి చెరువులో ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో ఇవతల నుంచి తెలియదు. ఎలిజబెత్ గారు పాక వెనక గిన్నెలు తోముతున్నారు. నన్ను చూసి, చప్పుడు చెయ్యొద్దని తడి చేత్తోనే సైగ చేశారు.

పాక ముందు నీడలో నులకమంచం. నిత్యానందం గారు వెల్లకిలా పడుకుని, నోరు కొద్దిగా తెరిచి, గుర్రు పెట్టి నిద్రపోతున్నారు. గుండె మీద ఫోన్. దారిన పోయే ఎవరికైనా కనపడేలా, నిండు పగలు. నేను మేత సంచి మీద కూర్చున్నాను. అరగంట కూర్చున్నాను.

ఆయన కళ్లు తెరిచి నన్ను చూశారు. కంగారు పడలేదు, లేచి చొక్కా సర్దుకోలేదు.

"ఎంతసేపైంది బాబూ వచ్చి? మధ్యాహ్నం పూట ఒక గంట పడుకుంటున్నానండి ఈమధ్య. అవసరమైతే డబ్బా లేపుతుంది. దానికి జూన్ దాకా ప్యాకుందండి."